నీళ్ల లెక్క అడిగే నేర్పు

2006 సెప్టెంబరు 10న పులివెందుల దగ్గర, వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని, శుద్ధి కర్మాగారం మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. సరిగ్గా నాలుగు రోజులకు, సెప్టెంబరు 14న, కేంద్ర ప్రభుత్వం పర్యావరణ ప్రభావ అంచనాకు సంబంధించిన కొత్త నోటిఫికేషన్ విడుదల చేసింది. ఇలాంటి సభను మొదటి నుంచి చివరి దాకా వీడియో తీయాలని, అనుమతి వచ్చాక కంపెనీ ఆరు నెలలకోసారి ఇచ్చే నివేదికలు ఎవరు అడిగినా ఇవ్వాల్సిన బహిరంగ పత్రాలని అందులో ఉంది. ఊరివాళ్ల చేతికి అంత పదునైన పనిముట్టు రావడానికి నాలుగు రోజుల ముందే వాళ్ల సభ ముగిసిపోయింది. కానీ ఆ పనిముట్టు ఇప్పటికీ పనిచేస్తుంది. దాన్ని వాడటం ఎలాగో చెప్పడమే ఈ అధ్యాయం పని.

ఆ ఏడాది డిసెంబరులో పర్యావరణ అనుమతి వచ్చింది. 2007 నవంబరులో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి శంకుస్థాపన చేశారు. 2012 ఏప్రిల్‌లో, రోజుకు 3,000 టన్నుల ముడిరాయిని శుద్ధి చేయగల మిల్లు మొదలైంది. దాన్ని నడిపేది 1967లో అణుశక్తి విభాగం కింద ఏర్పడిన యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా. చుట్టుపక్కల ఊళ్లలో అందరూ యూసీఐఎల్ అనే అంటారు. 2011 జులైలో అణుశక్తి విభాగం కార్యదర్శి శ్రీకుమార్ బెనర్జీ ఇక్కడ 49,000 టన్నుల నిల్వలు ఖాయమయ్యాయని, అవి ఒకటిన్నర లక్షల టన్నుల దాకా పెరగవచ్చని ప్రకటించారు. దాంతో తుమ్మలపల్లె పేరు ప్రపంచమంతా వినిపించింది.

2018 నాటికి అదే పేరు మరో కారణంతో వినిపించసాగింది. కె.కె. కొట్టాల దగ్గర, మిల్లు వ్యర్థాల బురదను నిల్వ చేసే టెయిలింగ్ పాండ్ పరిసరాల్లో, కణంపల్లె, మబ్బుచింతలపల్లె లాంటి ఊళ్లలో, బోర్ల నీళ్లు చెడిపోయాయని, అరటి తోటలు ఎండిపోతున్నాయని రైతులు చెప్పసాగారు. కడప ఎంపీ వై.ఎస్. అవినాష్‌రెడ్డి కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు చేశారు. హైదరాబాద్‌కు చెందిన విశ్రాంత శాస్త్రవేత్త డాక్టర్ కె. బాబూరావు ఊళ్లు తిరిగి, నీళ్ల పరీక్షల ఫలితాలను అధికారుల ముందు పెట్టారు. పాండ్ అడుగున బెంటోనైట్ మట్టి, దానిమీద పాలిథిలీన్ పొర వేయాలని మండలి పెట్టిన షరతు అమలు కాలేదన్నది ఆయన ప్రధాన అభ్యంతరం. కేంద్ర ఇంధన శాఖ మాజీ కార్యదర్శి ఇ.ఎ.ఎస్. శర్మ కూడా అధికారులకు లేఖలు రాశారు. 2019లో మండలి యూసీఐఎల్‌కు నోటీసు ఇచ్చింది, సెప్టెంబరులో నిపుణుల కమిటీ వేసింది. సంస్థ మాత్రం పాండ్‌ను నిబంధనల ప్రకారమే కట్టామని, ఈ ప్రాంతపు రాళ్లలోనే సహజంగా యురేనియం ఉందని చెబుతూ వచ్చింది.

ఈ రెండు మాటల మధ్య నిలబడిన సామాన్యుడు ఏం చేయాలి? అరిచి అలసిపోవచ్చు, తలరాత అనుకుని ఊరుకోవచ్చు. ఈ రెండింటికీ పెద్దగా చదువు అక్కర్లేదు. మూడో దారి ఒకటి ఉంది. భయాన్ని ప్రశ్నగా మార్చాలి, ప్రశ్నను దరఖాస్తుగా మార్చాలి, వచ్చిన జవాబును ఊరి ముందు పెట్టాలి. సైకిల్ తొక్కడం లాగే ఇది కూడా అభ్యాసంతోనే వస్తుంది.

మొదటి మెట్టు: భయపడేది దేనికో తెలుసుకోవడం

గండి దగ్గర పాపాఘ్ని కొండలను చీల్చుకుని వేంపల్లె వైపు దిగుతుంది. గండికోట దగ్గర పెన్న కూడా అలాగే కొండను కోసుకుంటూ జమ్మలమడుగు వైపు పోతుంది. కానీ ఈ ఏర్లలో నీళ్లు కనిపించేది ఏడాదిలో కొన్నాళ్లే. పులివెందుల ప్రాంతపు అరటి, చీనీ తోటలను బతికించేది ప్రధానంగా బోర్లు. కాబట్టి ఇక్కడ భూగర్భ జలం గురించి మాట్లాడటమంటే బువ్వ గురించి మాట్లాడటమే.

తుమ్మలపల్లె ముడిరాయిలో యురేనియం చాలా తక్కువ, సుమారు 0.04 శాతం. టన్ను రాయిలో 400 గ్రాములన్నమాట. అంటే గనిలోంచి తీసిన రాయి దాదాపు మొత్తం పొడై, బురదగా మారి పైపుల ద్వారా టెయిలింగ్ పాండ్‌కు చేరుతుంది. యురేనియం తీసేసినా, దానితో పాటు రాయిలో ఉండే థోరియం, రేడియం బురదలోనే మిగిలిపోతాయి. ముడిరాయిలోని రేడియోధార్మికతలో సుమారు 85 శాతం అక్కడే ఉండిపోతుంది. రేడియం-226 సగానికి తగ్గడానికి 1,600 ఏళ్లు పడుతుంది, థోరియం-230కి 75 వేల ఏళ్లకు పైగా పడుతుంది. ఇప్పుడు నడుస్తున్న ఏ ప్రభుత్వమూ, ఏ కంపెనీయూ అంతకాలం కాపలా కాయలేదు. పాండ్ అడుగున ఏ పొర వేశారన్న ప్రశ్న ఇంత ముఖ్యమైంది అందుకే.

కొలత గురించి కూడా ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు మించకూడదంది. భారత ప్రమాణాల సంస్థ కూడా తర్వాత అదే అంకె తీసుకుంది. అణుశక్తి నియంత్రణ మండలి చెప్పే పరిమితి 60. ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధం కావు. 30 అన్నది యురేనియం ఒక భారలోహంగా కిడ్నీలకు చేసే చేటును చూసి పెట్టింది. 60 అన్నది రేడియోధార్మికతను చూసి పెట్టింది. ఈ తేడా తెలిసినవాడు సభలో 'నీళ్లు సురక్షితమే' అన్న మాట వినగానే, 'ఏ పరిమితి ప్రకారం?' అని అడగగలుగుతాడు. ఆ చిన్న ప్రశ్నతో చర్చ కొత్త దారి పడుతుంది.

రెండో మెట్టు: అవతలివాడి వాదనను పూర్తిగా వినడం

యురేనియం రాళ్లలోనే ఉంది కాబట్టి నీళ్లలో కనిపించడం సహజమన్న సంస్థ వాదనను కొట్టిపారేయాల్సిన పని లేదు. అందులో పస ఉంది. 2018లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు రాజస్థాన్, గుజరాత్‌లలో 324 బావుల నీళ్లు పరీక్షించి, పాత లెక్కలు కూడా పరిశీలించి, దేశంలోని 16 రాష్ట్రాల్లో భూగర్భ జలాల్లో యురేనియం జాడ ఎక్కువగా ఉందని రాశారు. అక్కడ చాలా చోట్ల గనులే లేవు. కాబట్టి 'నీళ్లలో యురేనియం ఉంది' అని నిరూపిస్తే సరిపోదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో చూపించాలి.

దానికి నాలుగు రకాల సాక్ష్యాలు కావాలి. మొదటిది, మిల్లు రాకముందు ఆ బోర్లలో ఎంత ఉండేదన్న లెక్క. ప్రాజెక్టు కోసం తయారుచేసిన పర్యావరణ ప్రభావ నివేదికలో ఈ 'ముందు' లెక్క ఉండి తీరాలి. రెండోది, పాండ్‌కు ఎగువన, దిగువన ఉన్న బోర్ల మధ్య తేడా. మూడోది, ఏళ్ల తరబడి అదే బోరులో అంకె పెరుగుతోందా, స్థిరంగా ఉందా అన్నది.

నాలుగోది తుమ్మలపల్లెకే ప్రత్యేకం. జార్ఖండ్‌లోని జాదుగూడలో ముడిరాయిని ఆమ్లంతో శుద్ధి చేస్తారు. తుమ్మలపల్లె రాయి సున్నపురాయి జాతిది కాబట్టి ఇక్కడ సోడియం కార్బొనేట్, సోడియం బైకార్బొనేట్‌తో, అధిక పీడనం మీద శుద్ధి చేస్తారు. అందువల్ల పాండ్‌లోంచి నీళ్లు కిందికి దిగితే, యురేనియంతో పాటు సోడియం, బైకార్బొనేట్, సల్ఫేట్ కూడా పెరిగి కనిపించాలి. ఒక బోరులో యురేనియం ఒక్కటే ఎక్కువగా ఉండి, సోడియం, సల్ఫేట్ మామూలుగా ఉంటే అనుమానం రాళ్ల వైపు తిరుగుతుంది. అన్నీ కలిసి పెరుగుతూ, పాండ్‌కు దగ్గరయ్యే కొద్దీ ఎక్కువవుతుంటే పాండ్ వైపు తిరుగుతుంది. డాక్టర్ రోగిని చూసేటప్పుడు పాత రిపోర్టులు అడిగేది ఇందుకే. ఈనాటి అంకె ఒక్కటే దేన్నీ తేల్చదు.

ఇంత తెలుసుకున్నవాడు సభలో గొంతు పెంచడు. 'మీ వాదన నిజమే కావచ్చు. అయితే 2006కు ముందటి లెక్కలు, ఎగువ బోర్ల లెక్కలు చూపించండి' అంటాడు. ఆ మాటకు కోపంతో జవాబు చెప్పడం ఎవరికైనా కష్టం.

మూడో మెట్టు: నీళ్లను సాక్షిగా నిలబెట్టడం

సొంతంగా పరీక్ష చేయించుకునేటప్పుడు జరిగే పొరపాట్ల వల్లే చాలా ఫిర్యాదులు తేలిపోతాయి. కూల్‌డ్రింక్ సీసాలో పట్టిన నీళ్లను ఏ అధికారీ లెక్కలోకి తీసుకోడు. భారలోహాల పరీక్షకు శుభ్రమైన ప్లాస్టిక్ సీసా కావాలి. సాధారణంగా ల్యాబే ఇస్తుంది. లోహాలు సీసా గోడలకు అంటుకోకుండా అందులో కొద్దిగా నైట్రిక్ ఆమ్లం వేస్తారు. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌ను ఎంచుకుని, యురేనియం పరీక్ష తమ గుర్తింపు పరిధిలో ఉందా అని ముందే అడగాలి.

మోటారు వేయగానే వచ్చే నీళ్లు పైపులో నిలిచినవి. కాసేపు పారనిచ్చి, భూమిలోంచి వచ్చే తాజా నీళ్లు పట్టాలి. సీసా మీద తేదీ, సమయం, బోరు లోతు, పొలం ఉన్న చోటు, పట్టిన వ్యక్తి పేరు అక్కడే రాయాలి. ఫోనులో ఫొటో, లొకేషన్ తీసి పెట్టుకోవాలి. ఒకే బోరు నుంచి రెండు సీసాలు పట్టి, రెండోది వేరే ల్యాబ్‌కు పంపితే ఇంకా గట్టి ఆధారం అవుతుంది. పాండ్‌కు దూరంగా, ఎగువన ఉన్న బోరు నుంచి కూడా ఒక సీసా తప్పనిసరిగా ఉండాలి. అది లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. యురేనియం ఒక్కటే కాకుండా పీహెచ్, టీడీఎస్, సోడియం, బైకార్బొనేట్, సల్ఫేట్ కూడా అడగాలి. వానాకాలం తర్వాత ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి, ప్రతి ఏటా అదే బోర్ల నుంచి తీస్తే కొన్నేళ్లకు ఊరి చేతిలో సొంత రికార్డు ఉంటుంది.

ఆరోగ్యం విషయంలోనూ ఇదే క్రమశిక్షణ కావాలి. ఊళ్లో వచ్చిన ప్రతి జబ్బుకూ పాండ్‌నే కారణంగా చూపితే, అవతలివాళ్లు ఒక్క తప్పు ఉదాహరణ పట్టుకుని మొత్తం ఫిర్యాదును కొట్టేస్తారు. ఎవరికి ఎప్పుడు ఏ ఇబ్బంది వచ్చింది, ఏ బోరు నీళ్లు తాగేవారు, క్రియాటినిన్ లాంటి కిడ్నీ పరీక్ష చేయిస్తే ఎంత వచ్చిందన్నది ప్రాథమిక ఆరోగ్య కేంద్రం రికార్డుతో సహా రాసిపెట్టుకోవడం అంతకంటే మేలు.

నాలుగో మెట్టు: ఏ తలుపు తట్టాలో తెలియడం

సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. దీన్ని వాడాలంటే లాయరు అక్కర్లేదు, ఇంగ్లీషు అక్కర్లేదు. తెలుగులోనే రాయవచ్చు. సమాచారం ఎందుకని అడిగే అధికారం ఎవరికీ లేదు. రాయడం రానివాడు నోటితో చెబితే, దాన్ని కాగితం మీద పెట్టడంలో సాయపడాల్సిన బాధ్యత పౌర సమాచార అధికారిదే. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. కేంద్ర సంస్థలకు కూడా 10 రూపాయలే. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి అది కూడా లేదు. జవాబు 30 రోజుల్లో రావాలి. తప్పు కార్యాలయానికి పంపినా, వాళ్లే 5 రోజుల్లో సరైన చోటికి పంపాలి.

ఈ చట్టంలో చాలామంది గమనించని నిబంధన ఒకటి ఉంది. సమాచారమంటే కాగితాల నకళ్లే కాదు. పనిని స్వయంగా తనిఖీ చేయడం, ఫైళ్లు కూర్చుని చదవడం, వస్తువుల ధ్రువీకరించిన నమూనాలు తీసుకోవడం కూడా ఈ హక్కులో భాగమే. కడపలోని కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో ఫైలు చూస్తామని దరఖాస్తు పెడితే, ఏ కాగితం అడగాలో తెలియని సమస్యే తీరిపోతుంది. ఫైలు చూసి, కావాల్సిన పేజీలకే నకళ్లు తీసుకోవచ్చు.

ఎవరిని ఏం అడగాలన్నది ఇందులో అసలు నేర్పు. ఉత్పత్తి లెక్కలు అడిగితే దేశ భద్రత పేరుతో తలుపు మూసుకుంటుంది. యురేనియం గురించి కాకుండా నీళ్ల గురించి అడగాలి. యూసీఐఎల్‌ను పరిశీలన బావుల ఫలితాలు అడగవచ్చు. కాలుష్య నియంత్రణ మండలిని అనుమతి షరతులు, తనిఖీ నివేదికలు, ఇచ్చిన నోటీసులు, 2019 నిపుణుల కమిటీ నివేదిక అడగవచ్చు. కేంద్ర పర్యావరణ శాఖకు విజయవాడలో ఉన్న ప్రాంతీయ కార్యాలయాన్ని ఆరు నెలల నివేదికలు అడగవచ్చు. భూగర్భ జల శాఖ దగ్గర నీటి మట్టాలు, నాణ్యత లెక్కలు ఉంటాయి. గ్రామీణ నీటి సరఫరా విభాగం దగ్గర తాగునీటి పథకాల పరీక్షలు ఉంటాయి. తోటల నష్టం గురించి ఉద్యానశాఖ అధికారులు రాసిన కాగితాలు ఉంటే వాటినీ అడగవచ్చు. ఒకే ప్రశ్నకు నాలుగు కార్యాలయాల నుంచి వచ్చిన జవాబులను పక్కపక్కన పెడితే, ఎక్కడ పొసగడం లేదో దానంతట అదే కనిపిస్తుంది.

సమాచార హక్కు చట్టం రాకముందు నుంచీ ఉన్న తలుపు కూడా ఒకటుంది. 1974 నీటి కాలుష్య నివారణ చట్టం 25వ సెక్షన్ ప్రకారం, మండలి తాను పెట్టిన షరతుల రిజిస్టరు ఉంచాలి. వ్యర్థ జలాల వల్ల ప్రభావితమయ్యే వ్యక్తికి దాన్ని చూసే హక్కు ఉంది.

దరఖాస్తులో వాడే మాటలు కూడా ముఖ్యమే. 'మా నీళ్లు చెడిపోతుంటే ఎందుకు చర్య తీసుకోలేదు?' అన్న ప్రశ్నకు జవాబు రాదు. కారణాలు, అభిప్రాయాలు చెప్పమని చట్టం అధికారిని నిర్బంధించదు. దస్త్రాల్లో ఉన్నదాన్ని ఇవ్వమని మాత్రమే నిర్బంధిస్తుంది. అందుకే ఆ ఆవేదననే ఇలా రాయాలి: '2018 జనవరి 1 నుంచి నేటి వరకు కె.కె. కొట్టాల టెయిలింగ్ పాండ్ చుట్టూ ఉన్న పరిశీలన బావుల్లో తీసిన నీటి నమూనాల పరీక్షా నివేదికల నకళ్లు, తేదీలవారీగా ఇవ్వగలరు.' ఇందులో కాలం, స్థలం, పత్రం మూడూ ఉన్నాయి. తప్పించుకోవడానికి సందు లేదు.

అయిదో మెట్టు: 'కుదరదు' అన్న జవాబుతో ఆగకపోవడం

తిరస్కరణ రావచ్చు. దాన్ని అవమానంగా తీసుకుని కాగితం చించేసేవాళ్లు ఉన్నారు. నిజానికి తిరస్కరణ కూడా ఒక పత్రమే. ఏ సెక్షన్ కింద నిరాకరించారో, అప్పీలు ఎవరికి చేసుకోవాలో అందులో రాయాల్సిందే.

దేశ భద్రత, వాణిజ్య రహస్యం అన్న కారణాలు ఎక్కువగా వినిపిస్తాయి. వాటికి చట్టంలోనే జవాబులు ఉన్నాయి. మినహాయింపు వర్తించినా, దాచడం వల్ల కలిగే రక్షణ కంటే ప్రజా ప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వవచ్చని 8వ సెక్షన్ రెండో ఉపవిభాగం చెబుతుంది. దాచాల్సిన భాగాన్ని వేరుచేసి మిగతాది ఇవ్వాలని 10వ సెక్షన్ చెబుతుంది. గని మ్యాపు దాచుకోండి, బోరు నీళ్ల అంకెలు ఇవ్వండి అని అడగడానికి ఆధారం అదే.

అణు రంగంలో ఈ పోరాటం ఎంత దూరం వెళ్లగలదో కూడంకుళం చూపించింది. ఆ విద్యుత్ కేంద్రం స్థల పరిశీలన నివేదికను, భద్రతా విశ్లేషణ నివేదికను బయటపెట్టమని 2012 ఏప్రిల్ 30న కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించింది. అణు విద్యుత్ సంస్థ దాని మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. దారి సాఫీగా లేదు, కానీ ఒక పౌరుడి దరఖాస్తు అంత దూరం నడిచింది.

నడవాల్సిన దారి ఇది. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా, మరో 30 రోజుల్లో అదే సంస్థలోని పై అధికారికి మొదటి అప్పీలు పెట్టాలి. అక్కడా తేలకపోతే 90 రోజుల్లో కమిషన్‌కు రెండో అప్పీలు. యూసీఐఎల్, అణుశక్తి నియంత్రణ మండలి మీద అయితే ఢిల్లీలోని కేంద్ర కమిషన్‌కు, కాలుష్య నియంత్రణ మండలి మీద అయితే రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. సరైన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌కు ఉంది. రిజిస్టర్డ్ పోస్టు రసీదులు, అక్నాలెడ్జ్‌మెంట్లు, తేదీలు ఒకే ఫైలులో ఉంచుకోవాలి. సగం అప్పీళ్ల బలం ఆ రసీదుల్లోనే ఉంటుంది.

న్యాయస్థానం చెప్పిన మాట ఒకటి కూడా ఆ ఫైలులో ఉంటే మంచిది. హైదరాబాద్ ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల దగ్గర నూనె కర్మాగారం పెట్టడం మీద నడిచిన కేసులో, 1999లో సుప్రీంకోర్టు ముందుజాగ్రత్త సూత్రాన్ని వివరిస్తూ, హాని లేదని నిరూపించాల్సిన బాధ్యత పరిశ్రమ పెట్టేవారిదేనని స్పష్టం చేసింది. ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి, ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు మధ్య నడిచిన ఆ కేసు తెలుగు నేల మీద పుట్టి దేశమంతటికీ సూత్రమైంది.

ఆరో మెట్టు: ఊరు రెండుగా చీలకుండా మాట్లాడుకోవడం

భూమి పోయిన కుటుంబాల్లో కొందరికి మిల్లులో ఉద్యోగం వచ్చింది. పక్క ఇంట్లో తోట ఎండిపోయింది. ఇద్దరూ ఒకే వీధిలో ఉంటారు. నీళ్ల ప్రశ్న అడిగినవాడు తమ జీతం మీద దెబ్బ కొడుతున్నాడని ఉద్యోగి అనుకుంటాడు. ఉద్యోగి కంపెనీకి అమ్ముడుపోయాడని రైతు అనుకుంటాడు. చర్చ నిజంగా విఫలమయ్యేది ఇక్కడే, అధికారి గదిలో కాదు.

దీనికి మందు చర్చ విషయాన్ని ఇరుకు చేయడం. 'మిల్లు ఉండాలా, పోవాలా' అన్న ప్రశ్న మీద ఊరు ఎన్నేళ్లయినా కొట్టుకుంటుంది. 'ఈ బోర్ల పరీక్షా ఫలితాలు ప్రతి మూడు నెలలకూ పంచాయతీ బోర్డు మీద పెట్టాలి' అన్న కోరికకు ఉద్యోగి కూడా చేయెత్తగలడు, ఎందుకంటే అతని పిల్లలు తాగేదీ ఆ నీళ్లే. మిల్లులో పనిచేసేవాడికి ఎక్కడ పైపు కారుతుందో, ఎక్కడ బురద పొంగుతుందో అందరికంటే ముందు తెలుస్తుంది. అతన్ని శత్రువుగా చేసుకుంటే ఊరు తన కళ్లను తానే పొడుచుకున్నట్టు.

జాదుగూడలో 2006 డిసెంబరు 24న టెయిలింగ్ పాండ్‌కు వెళ్లే పైపు పగిలి విష వ్యర్థం పక్క వాగులోకి పారింది. ఆ సంగతి ముందుగా కనిపెట్టి చెప్పింది ఊరివాళ్లేనని అక్కడి ప్రజా సంఘాలు చెప్పాయి. అది తుమ్మలపల్లెకు పర్యావరణ అనుమతి వచ్చిన నెలే. ప్రమాదాన్ని పసిగట్టే మొదటి కళ్లు పక్క ఇళ్లవే అయినప్పుడు, ఆ ఇళ్లకు సమాచారం ఇవ్వడం సంస్థకు కూడా రక్షణే. ఈ మాట మిల్లు అధికారులతో మర్యాదగా, పదే పదే చెప్పాల్సింది.

సభలో పాటించదగిన చిన్న పద్ధతులు కొన్ని ఉన్నాయి. మాట్లాడే ముందు విన్నదాన్ని ఒక వాక్యంలో తిరిగి చెప్పాలి: 'సార్ చెప్పింది ఏంటంటే, యురేనియం రాళ్లలోంచే వస్తోందని. అంతే కదా?' దాంతో అవతలివాడు తన మాట విన్నారన్న నమ్మకంతో కాస్త తగ్గుతాడు. ఆ తర్వాత ఒక్క ప్రశ్న మాత్రమే వేయాలి. జవాబును అందరి ముందూ మినిట్స్ పుస్తకంలో రాయించాలి. రోజూ బిందెలతో నీళ్లు మోసే ఆడవాళ్లను సభ వెనుక వరుసలో కూర్చోబెట్టకూడదు. నీటి రుచి, రంగు ఎప్పుడు మారిందో మొదట చెప్పగలిగేది వాళ్లే.

అడిగితే ఏమొస్తుంది?

1984లో భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి విషవాయువు విడుదలై వేలమంది చనిపోయారు. రెండేళ్లకు, 1986లో, అమెరికా ప్రభుత్వం ఒక చట్టం చేసింది. తమ పరిసరాల్లోకి ఏ విష రసాయనం ఎంత వదులుతున్నారో కర్మాగారాలు ఏటా లెక్క చెప్పాలి, ఆ లెక్క ప్రజలందరికీ అందుబాటులో ఉండాలి. భోపాల్ పాఠం అక్కడ ప్రజల తెలుసుకునే హక్కుగా మారింది. 1998లో ఐరోపా దేశాలు ఆర్హస్ ఒప్పందంతో పర్యావరణ సమాచారాన్ని పౌరుల హక్కుగా రాసుకున్నాయి.

తెలుగు నేలలో పటాన్‌చెరు ఉదాహరణ ఉంది. అక్కడి ఔషధ పరిశ్రమల ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను స్వీడన్ శాస్త్రవేత్తల బృందం పరీక్షించి, లీటరుకు 31,000 మైక్రోగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో ప్రచురించింది. వాగులో మందుల వాసన వస్తోందని ఊళ్లు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నాయి. ఆ అంకె అచ్చయ్యాక, యాంటీబయాటిక్‌లకు లొంగని సూక్ష్మజీవుల గురించి ప్రపంచంలో ఎవరు మాట్లాడినా పటాన్‌చెరు పేరు రాకుండా పోలేదు.

సామూహిక గొంతుకూ ఫలితం ఉంది. నల్లమల యురేనియం అన్వేషణ మీద పెల్లుబికిన వ్యతిరేకత తర్వాత, 2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ అక్కడ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. 2024 నవంబరులో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అటవీ ప్రాంతంలో 68 బోర్లు వేసి యురేనియం అన్వేషించాలన్న ప్రతిపాదన బయటపడగానే చుట్టుపక్కల ఊళ్లు రోడ్డెక్కాయి, ప్రభుత్వం దాన్ని నిలిపివేసింది. అన్వేషణ సంగతి ముందే తెలిసింది కాబట్టే వాళ్లు ముందే మాట్లాడగలిగారు.

అయితే ముందే తెలిసే దారులు ఇరుకవుతున్నాయి. అణు ఖనిజాల, కీలక ఖనిజాల గనుల ప్రాజెక్టులకు బహిరంగ విచారణ అక్కర్లేదని 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ నిర్ణయించింది. తుమ్మలపల్లెకు 2006లో కనీసం ఒక సభ దక్కింది. రేపు ఇలాంటి గని వచ్చే ఊరికి అది కూడా దక్కకపోవచ్చు. అందుకే దరఖాస్తులు రాయడం, ఫైళ్లు చూడటం, నమూనాలు పట్టడం తెలిసినవాళ్లు ప్రతి పంచాయతీలో ఇద్దరు ముగ్గురైనా ఉండాలి.

ఈ అధ్యాయానికి అభ్యాసం

తమ ఊరికి దగ్గర్లో ఉన్న పరిశ్రమ ఏదైనా ఒకటి ఎంచుకోవాలి. తుమ్మలపల్లె మిల్లే కానక్కర్లేదు. ఎర్రగుంట్ల దగ్గరి సిమెంటు కర్మాగారం కావచ్చు, కలమల్ల థర్మల్ కేంద్రం బూడిద కావచ్చు, ప్రొద్దుటూరు మురుగు కాలువ కావచ్చు. ఒక నోటుపుస్తకంలో పేజీకి నాలుగు గడులు గీయాలి: విన్న మాట, ఎవరు చెప్పారు, దాన్ని తేల్చగల పత్రం ఏది, ఆ పత్రం ఏ కార్యాలయంలో ఉంటుంది. కనీసం అయిదు వరుసలు నింపాలి. మూడో గడి ఖాళీగా మిగిలిన వరుస ఇంకా పుకారేనని అర్థం, దాన్ని సభలో వాడకూడదు.

నాలుగో గడి నిండిన వరుసల్లో ఒకటి తీసుకుని, కాలం, స్థలం, పత్రం మూడూ ఉండేలా ఒక్క పేజీలో దరఖాస్తు రాయాలి. పంపిన రోజు నుంచి 30 రోజుల తేదీని, ఆ తర్వాత మొదటి అప్పీలు గడువును క్యాలెండరులో గుర్తు పెట్టుకోవాలి. ఎంచుకున్నది పర్యావరణ అనుమతి పొందిన పరిశ్రమ అయితే, జూన్ 1, డిసెంబరు 1 తేదీలను కూడా రాసుకోవాలి. కంపెనీ ఆరు నెలల నివేదిక ఇవ్వాల్సిన రోజులవి. ఆ తేదీ దాటిన వారంలో నివేదిక నకలు అడిగి, షరతుల జాబితాను పక్కన పెట్టుకుని, ఒక్కో షరతుకు ఎదురుగా కంపెనీ ఏం రాసిందో ఇద్దరు కలిసి చదవాలి. 'పాటిస్తున్నాం' అని ఒక్క ముక్కలో తేల్చేసిన షరతులకు ఎర్ర సిరాతో గీత పెట్టాలి. తర్వాతి దరఖాస్తు ఆ గీతల దగ్గరి నుంచే మొదలవుతుంది.